పాత నవ్వులకు కొత్త ముస్తాబు

మా ఇంట్లో పొరుగు జిల్లా యాసను అనుకరించే పాత హాస్యం ఒకటుంది. ఏటా పండక్కి అందరం పడిపడి నవ్వేవాళ్లం. ఆ జిల్లా నుంచి వచ్చిన కొత్తకోడలు మాత్రం నవ్వలేదు. నాకు అప్పుడు తెలిసొచ్చింది.

ఇదే చిక్కు "మికాడో"కూ వచ్చింది. గిల్బర్ట్ మాటలు, సలివన్ సంగీతం కూర్చిన ఈ హాస్య సంగీత నాటకం 1885లో లండన్ సవాయ్ థియేటర్లో మొదలై 672 సార్లు ఆడింది. కథ జపానులో జరుగుతుంది. వెక్కిరింత మాత్రం ఇంగ్లండు పెద్దల మీదే! అయినా 1907లో జపాను రాకుమారుడు వస్తున్నాడని ప్రభుత్వమే కొన్ని వారాలు ప్రదర్శనలు ఆపించింది. 1948లో నల్లవారిని కించపరిచే మాటను పాటల్లోంచి తీసేశారు.

1961తో హక్కుల గడువు తీరాక బ్రిటన్‌లో ఎవరికి తోచినట్టు వారు ఆడే వీలు కలిగింది. 1986లో జోనాథన్ మిల్లర్ జపాను వేషాలన్నీ తీసేసి, కథను ఇంగ్లీషు సముద్రతీరపు హోటల్లో పెట్టాడు. పాటలు అలాగే నిలిచాయి, నవ్వులూ నిలిచాయి. 2015లో న్యూయార్కులో మాత్రం ఆసియా సంతతివారు నొచ్చుకోగా, పాత పద్ధతిలో వేయబోయిన ప్రదర్శనను రద్దు చేసుకున్నారు.

అమ్మమ్మ పట్టుచీరకు చిరుగు కుట్టుకుంటాం గాని, చీరనే పారేస్తామా చెప్పండి? మేమూ ఆ హాస్యం మానలేదు. ఇప్పుడు వెక్కిరింత మా మీదే. కోడలే ముందుగా నవ్వుతుంది!