సముద్రపుటొడ్డు రైలు – ఆలస్యమైన కబురు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. సర్వీసులో చాలా భాగం టపాలు సీటులో గడిపిన గుమాస్తాను. అందుకేనేమో, 2014లో మా అబ్బాయి శ్రీలంక తీసుకువెళ్ళినప్పుడు ఎక్కిన కోస్తా రైలు చరిత్రలోనూ నాకు కబురు సంగతే మనసున నాటుకుంది.

ఇంగ్లీషువారి హయాంలో కొలంబో నుంచి దక్షిణంగా అంచెలంచెలుగా వేసిన ఈ లైను 1894లో గాలే రేవుకు, 1895లో మాతరకు చేరింది. మొత్తం సుమారు 160 కిలోమీటర్లు. మన బ్రాడ్‌గేజి వెడల్పే. 2019లో బెలిఅత్త దాకా పొడిగించారు. చాలాచోట్ల పట్టాల పక్కనే సముద్రం. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే అలల హోరు చెవిలోనే.

2004 డిసెంబరు 26, ఆదివారం, పున్నమి పండుగ. రైలు కిటకిటలాడుతోంది. సుమత్రా దగ్గర భూకంపం వచ్చి అప్పటికే రెండు గంటలు దాటింది. రైలును ఆపించాలని అంబలంగొడ స్టేషనుకు ఫోను చేశారు. సిబ్బంది అంతా ఆ రైలు పనిలోనే ఉన్నారు. ఫోను ఎత్తేసరికి రైలు కదిలిపోయింది. పెరలియ దగ్గర మొదటి అల దాన్ని నిలిపివేసింది. రైలైతే భద్రమనుకుని ఊరివారు కూడా పెట్టెలెక్కారు. రెండో అల పెట్టెలను ఎత్తి విసిరేసింది. 1,700 మందికి పైగా మరణించారు.

ఆ చోటు దాటుతుంటే నాకు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కళ్ళముందు నిలిచింది. ఆ రాత్రి తీగలు తెగి మా ఆఫీసు ఫోను మూగబోయింది. కొట్టుకుపోయిన ఊళ్ళ కబురు మా బల్లమీదికి వచ్చేసరికి ఆదుకోవలసిన వేళ దాటిపోయింది.

2005 ఫిబ్రవరికల్లా ఆ లైనుపై రైళ్ళు మళ్ళీ నడిచాయి. 2012 నాటికి మన ఇర్కాన్ సంస్థ అక్కడ చాలా దూరం పట్టాలు కొత్తగా వేసింది. 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం వెలసింది. అక్కడి నుంచి ఇప్పుడు శ్రీలంకకు కూడా హెచ్చరికలు వెళతాయి. తెలుగువారిగా మనకది గర్వకారణం.

అయితే మిత్రులారా, యంత్రం ఎంత గొప్పదైనా చివరికి ఫోనెత్తి, కబురు రాసుకుని, పక్క ఊరికి చేరవేసే మనిషి ఒకరుండాలి. మనలో చాలామంది జీవితకాలమంతా చేసిన ఉద్యోగం అదే. అది చిన్న పని అని ఎవరైనా అంటే, పెరలియ కథ చెప్పండి.