తుపాకి మసి – వేడినీరు

యాప్రాల్‌కు చేరువనున్న బొల్లారం పంతొమ్మిదవ శతాబ్దంలో హైదరాబాదు కాంటింజెంటు సైన్యానికి స్థావరం. ఆనాటి సిపాయిలు మందును, గుండును గొట్టపు మూతినుండి కడ్డీతో కూరెడివారు.

తుపాకిమందులో సుమారు 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉండును. మందు మండినపుడు దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారక, పొటాషియం లవణాలుగా మిగులును. వీటిలో కొంత పొగతో పోగా, తక్కినది గొట్టంలో మసియై పేరుకొనును. ఈ మసి గాలిలోని తేమను పీల్చును. అందుచే ఇనుము తుప్పుపట్టును.

ఈ లవణాలు నూనెలో కరగవు, నీటిలో కరుగును. కనుక ముందుగా మరిగే నీటితో కడిగి, కడ్డీకి గుడ్డ చుట్టి తుడవాలి. వేడెక్కిన గొట్టం త్వరగా ఆరును. పిమ్మటనే నూనె పూయాలి.

1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టంలో మెలితిరిగిన చాళ్లు 3 కలవు. మసి పేరుకొనినచో గుండు దిగదు. శత్రువు ఎదుట సిపాయి నిరాయుధుడే. గుండు సులువుగా దిగుటకే తూటా కాగితానికి కొవ్వు పూసిరి. అది ఆవు, పంది కొవ్వు అన్న వార్త 1857 తిరుగుబాటుకు ఒక కారణమైనది. ఆ ఏడు జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వాన హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగెను.

చరిత్ర గతిలో ఒక్కొక్కప్పుడు ఇంతటి మసికి కూడ పాత్ర ఉండును గదా!