రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు

వెస్ట్ వర్జీనియాలోని మా హంటింగ్టన్‌కి కొత్తగా వచ్చే తెలుగువాళ్ళలో చాలామంది ఆసుపత్రి ఉద్యోగాల మీదే వస్తారు. వాళ్ళు సామాన్లు సర్దుకునేలోపే ఎవరో ఒకరు 2006 నాటి ‘వుయ్ ఆర్ మార్షల్’ సినిమా చూడమంటారు. సినిమాకి వంక పెట్టను గానీ, అందులో గెలిచిన ఆట దగ్గరే శుభం కార్డు పడుతుంది. ఊళ్ళో అసలు కథ ఆ మర్నాడు మొదలైంది.

ఆ ఆటకి ముందటేడు, 1970 నవంబర్ 14న మా ఊరి మార్షల్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు ఈస్ట్ కరోలినా చేతిలో 17–14తో ఓడి విమానంలో తిరిగొస్తోంది. వాన, మబ్బు. మా విమానాశ్రయం కొండ నెత్తిన ఉంటుంది. విమానం సరైన ఎత్తులో దిగుతోందో లేదో పైలట్‌కి చూపే గ్లైడ్ స్లోప్ పరికరం అప్పట్లో ఇక్కడ లేదు. రన్‌వేకి కాస్త దూరంలోనే చెట్లను తాకి కూలిపోయింది. ఉన్న 75 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వారిలో 37 మంది ఆటగాళ్ళు. హెడ్ కోచ్ రిక్ టాలీ పోయాడు. జట్టు వెంట వెళ్ళిన ఊరి పెద్దలు, వైద్యులు, దంపతులు పోయారు. 70 మంది పిల్లలు తల్లినో తండ్రినో కోల్పోతే, అందులో 18 మందికి ఇద్దరూ లేకుండా పోయారు. గుర్తుపట్టలేకపోయిన ఆరుగురు ఆటగాళ్ళను స్ప్రింగ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే పూడ్చారు.

అంతకుముందు ఈ జట్టేమీ మహా ఘనమైనది కాదు. 1966–69 మధ్య వరసగా 27 ఆటల్లో గెలుపన్నది ఎరగదు. ఆటగాళ్ళను చేర్చుకోవడంలో నిబంధనలు తప్పారని 1969లో మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్ అనే లీగ్ పక్కన పెట్టేసింది. అలాంటి జట్టును మళ్ళీ నిలబెట్టాలా, ఇంతటితో చాలించాలా అని ఊరు తర్జనభర్జన పడింది. రెండు వైపులా న్యాయం ఉంది.

చివరికి ఊస్టర్ కాలేజీ నుంచి జాక్ లెంగ్యెల్ కోచ్‌గా వచ్చాడు. అప్పటి నియమం ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. మార్షల్ కోసం కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ దాన్ని సడలించింది. ఆ రోజు విమానం ఎక్కని అసిస్టెంట్ కోచ్ రెడ్ డాసన్ ఇంకొక్క సీజన్ ఉండి, కోచింగే మానేశాడు. ‘వీర్’ అనే దాడి పద్ధతి నేర్పమని లెంగ్యెల్ మా రాష్ట్రంలోని మరో విశ్వవిద్యాలయం కోచ్ బాబీ బౌడెన్ దగ్గరికి వెళ్తే, ఆయన ఏదీ దాచుకోకుండా చెప్పాడు.

1971 సీజన్ మోర్‌హెడ్ స్టేట్ చేతిలో 29–6 ఓటమితో మొదలైంది. సెప్టెంబర్ 25న ఫెయిర్‌ఫీల్డ్ స్టేడియంలో జేవియర్‌తో రెండో ఆట. గడియారం ఆగిపోయే వేళ రెజీ ఆలివర్ ఒక పక్కకి పరుగెత్తుతూ రెండో పక్కనున్న టెరీ గార్డ్‌నర్‌కి బంతి విసిరాడు. గార్డ్‌నర్ దాంతో గీత దాటాడు. 15–13. జనం మైదానంలోకి దూకారు. సినిమా ముగిసేది ఈ ఆటతోనే.

సినిమాలో లేనిది ఆ మరుసటి వారం. ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయం ఇదే జట్టును 66–6తో చితక్కొట్టింది. మీసాలు మొలుస్తున్న కుర్రాళ్ళు, తమకన్నా రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళ చేతిలో, పడినచోటి నుంచి లేచి మళ్ళీ వరసలో నిలబడాలి. బౌలింగ్ గ్రీన్‌ను 12–10తో ఓడించింది తప్ప ఆ ఏడు ఇంకో గెలుపు లేదు. నాకు జేవియర్ ఆట కన్నా ఆ ఎనిమిది ఓటములే పెద్దవిగా తోస్తాయి. ఊరంతా కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూసిన గెలుపుకి ఊపు దానంతటదే వస్తుంది. 66–6 తర్వాత సోమవారం ప్రాక్టీసుకి రావడానికి ఏ ఊపూ ఉండదు.

ఊరి ఓపిక కూడా అలాంటిదే. లెంగ్యెల్ నాలుగు సీజన్లలో 9 గెలిచి 33 ఓడాడు. ఓటముల కన్నా గెలుపులు ఎక్కువైన సీజన్ కోసం 1984 దాకా ఆగాల్సొచ్చింది. 1996లో పదిహేనుకి పదిహేనూ గెలిచింది కూడా ఈ మార్షలే, అది వేరే సంగతి.

ఏటా నవంబర్ 14న క్యాంపస్‌లోని స్మారక ఫౌంటెన్ దగ్గర పోయినవాళ్ళ పేర్లు చదివి, వసంతం దాకా నీళ్ళు ఆపేస్తారు. ఫెయిర్‌ఫీల్డ్‌ను 2004లో పడగొట్టారు. ఆ చోటు ఇప్పుడు వైద్య కళాశాలది. అక్కడెప్పుడైనా ఆ సీజన్ స్కోర్లు చెక్కిస్తే, నన్నడిగితే, 66–6 కూడా ఉండాల్సిందే, 15–13 కింద అంతే పెద్ద అక్షరాల్లో.