రేవా కుండం గట్టు మీద

చెరువు కనబడితే ముందు నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో చూడటం నాకు అలవాటు. ముప్పయ్యేళ్లు వరంగల్ చుట్టుపక్కల తూములూ మత్తళ్లూ చూసుకుంటూ ఉద్యోగం చేసినవాణ్ణి. మధ్యప్రదేశ్‌లోని మాండూ కొండ మీద ఆటో దిగి మా ఆవిడ రూపమతి మంటపం దారి పడితే, నేను కిందనే రేవా కుండం దగ్గర ఆగిపోయాను. "తాజ్‌మహల్ కాడికి తీస్కపోయినా మీరు యమునల నీళ్లెన్ని ఉన్నయో చూస్తరు" అని నవ్వి వెళ్లిపోయింది.

కుండం చుట్టూ రాతి మెట్లు. పైన నాలుగైదు మెట్లు పొడిగా, తెల్లగా ఉన్నాయి. ఆ కింద నీటి చార. ఒక పక్క పడిపోగా మిగిలిన కమానులు. కుండంలోంచి నీళ్లు తోడి, ఎత్తుగా కట్టిన కాలువ మీదుగా ఎదురుగా ఉన్న బాజ్ బహదూర్ మహల్‌కు పంపేవారు. మహల్ నడుమ తొట్టి ఇప్పటికీ ఉంది.

కథ అందరికీ తెలిసిందే. మాళవ సుల్తాను బాజ్ బహదూర్, పాటగత్తె రూపమతి. ఆమె నర్మదను చూడనిదే మెతుకు ముట్టేది కాదట. నదిని కొండ మీదికి తేలేడు కదా! చింతచెట్టు కింద తవ్విస్తే నర్మదే ఊటగా పుట్టిందనీ, అదే ఈ కుండమనీ చెప్తారు. రేవా అంటే నర్మదే.

చింత అంటే గుర్తొచ్చింది. గట్టు పక్కన ఒక ముసలమ్మ సొరకాయంత కాయలు అమ్ముతోంది, మాండూ చింత అని. పగలగొట్టి ఇచ్చింది. లోపల సున్నపు ముక్కల్లాంటి తెల్లటి గుజ్జు. నోట్లో వేసుకుంటే పుల్లగా కరిగిపోయింది. అది చింతే కాదు. ఏనుగు పొట్టలాంటి మానుతో ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్.

మన హైదరాబాద్ కథలోని భాగమతి అసలు ఉందా లేదా అని ఇప్పటికీ వాదులాట. రూపమతికి ఆ ఇబ్బంది లేదు, అక్బర్‌నామాలోనే ఆమె ప్రస్తావన ఉంది. 1561లో అక్బర్ పంపిన ఆదమ్ ఖాన్ సారంగ్‌పూర్ దగ్గర బాజ్ బహదూర్‌ను ఓడించాడు. బాజ్ బహదూర్ పారిపోయాడు. ఆదమ్ ఖాన్ చేతికి చిక్కడం ఇష్టంలేక రూపమతి విషం తాగింది. తర్వాత 1570లో బాజ్ బహదూర్ అదే అక్బర్ కొలువులో చేరాడు. ఆస్థాన గాయకుల జాబితాలో అతని పేరుంది. ప్రియుడిగా అతనికి నేను మంచి మార్కులు వెయ్యలేను.

కట్టడాల సంగతి వేరు. బాజ్ బహదూర్ మహల్ అన్నదాన్ని నాసిరుద్దీన్ ఖల్జీ 1508-09లో కట్టించాడని అక్కడి శాసనమే చెప్తోంది. రూపమతి మంటపం మొదట కొండ అంచున కాపలావాళ్ల కోసం కట్టింది. ఆరేళ్లు ఏలినవాడి ప్రేమకు ముందుతరాల కట్టడాలన్నీ రాసిచ్చారు జనం.

అసలు ఆ కొండ మీద బతుకంతా వాన నీళ్ల మీదే. పక్కన నది లేదు. వెయ్యి అడుగుల కింద నిమార్ మైదానం, దాని అవతలెక్కడో నర్మద. అందుకే అన్ని కుండాలు, బావులు. జహాజ్ మహల్‌కు రెండు వైపులా రెండు చెరువులు. వాటిని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1617లో తెలిసింది. జహంగీర్ పరివారంతో వచ్చి నెలల తరబడి ఇక్కడే మకాం వేశాడు. వెంట ఉన్న ఇంగ్లండ్ రాయబారి థామస్ రో నీళ్లకు పడ్డ పాట్లు తన దినచర్యలో రాసుకున్నాడు. అప్పటికి రూపమతి పోయి యాభై ఆరేళ్లు.

నేను కూర్చుని ఉండగా తెల్లబట్టల్లో ముగ్గురు వచ్చారు, చేతికర్రలు, భుజాన సంచులు. నదిని కుడిచేతి వైపు ఉంచుకుని నడిచే నర్మదా పరిక్రమవాళ్లు. కొండెక్కి వచ్చేది ఈ కుండం కోసమే. ప్రేమకథ ఊసే ఎత్తలేదు. ఒకాయన మెట్టు మీద కూర్చుని చిన్న సీసాలో నీళ్లు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. వీళ్లు రాకపోతే ఈ కుండం ఎప్పుడో పూడిపోయేదని నా అనుమానం. మా ఊళ్లో దేవుడి పేరు లేని కుంటలకు పట్టిన గతి చూసినవాణ్ణి.

మా ఆవిడ దిగివచ్చింది. మబ్బుకు నర్మద కనబడలేదట. మీరు వెళ్తే వానలు పడ్డాక వెళ్లండి. పైనుంచి నది కనబడకపోవచ్చు గానీ, కుండంలో నీళ్లుంటాయి.