పొగకు వాటాలు, వాటాల మీద కోర్టు గొడవలు

కార్బన్ క్రెడిట్ల మాట ఇప్పుడు మన పొలాల గట్ల దాకా వచ్చింది కదా. ఈ పొగ లెక్కల మీదే యూరప్‌లో రెండు దేశాలు ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడాయి. మనకు పనికొచ్చే కథే, కాస్త ఓపిగ్గా చదవండి.

2005 జనవరిలో యూరోపియన్ యూనియన్ ఒక పద్ధతి మొదలుపెట్టింది. కరెంటు ప్లాంట్లు, ఉక్కు, సిమెంటు ఫ్యాక్టరీలు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలితే ఒక పర్మిట్ ప్రభుత్వానికి అప్పజెప్పాలి. మిగిలితే అమ్ముకోవచ్చు, చాలకపోతే కొనుక్కోవాలి. ఎవరికి ఎన్ని ఇవ్వాలో ఏ దేశానికి ఆ దేశమే జాబితా రాసి యూరోపియన్ కమిషన్‌కు పంపాలి. అప్పట్లో దాదాపు అన్నీ ఉచితమే.

ఉచితంగా పంచేటప్పుడు తక్కువ రాసేదెవరు? చాలా దేశాలు తమ ఫ్యాక్టరీలకు ధారాళంగా రాసేశాయి. 2006 ఏప్రిల్, మే నెలల్లో అసలు లెక్క బయటపడింది. వదిలిన పొగ కంటే పంచిన పర్మిట్లే ఎక్కువ! 30 యూరోల దాకా పోయిన ధర కొద్ది వారాల్లో సగానికి పైగా పడిపోయింది. 2007కి దాదాపు సున్నా. లారీలన్నీ ఒకేరోజు మార్కెట్‌కు వస్తే టమాటా రేటు ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

అందుకే 2008-2012 వాటాలకు కమిషన్ కత్తెర పట్టింది. బొగ్గు మీద బతికే పోలండ్ ఏడాదికి 28.46 కోట్ల టన్నులు రాసుకుంటే 20.85 కోట్లకు తగ్గించింది. చిన్న దేశం ఎస్టోనియా 2.44 కోట్లు రాస్తే 1.27 కోట్లే అంది. సగానికి సగం కోత. రెండు దేశాలూ 2007లోనే లక్సెంబర్గ్‌లోని యూరప్ కోర్టుకెక్కాయి.

2009 సెప్టెంబర్ 23న దేశాలే గెలిచాయి. కమిషన్ అప్పీలుకు వెళ్లింది. 2012 మార్చి 29న పై కోర్టు కూడా అదే మాట చెప్పింది. జాబితా చట్టప్రకారం ఉందో లేదో కమిషన్ చూడొచ్చు, తప్పుంటే తిప్పి పంపొచ్చు. అంతేగాని దేశం లెక్క పక్కన పెట్టి తన లెక్క తానే రాసిపెట్టే అధికారం లేదు. మన భాషలో చెప్పాలంటే, ఊరి నుంచి వచ్చిన పంట నష్టం జాబితాను పై అధికారి కారణం చెప్పి వెనక్కి పంపొచ్చు, కానీ ఆఫీసులో కూర్చుని కొత్త జాబితా రాయకూడదు.

అయితే పోలండ్ అంకె కరెక్ట్ అని కోర్టు అనలేదు. పైగా ఆఖరి తీర్పు వచ్చేసరికి ఆ గడువులో చివరి ఏడాది నడుస్తోంది. ఈలోపు 2009లో చట్టమే మార్చేశారు. 2013 నుంచి దేశాల జాబితాలు పోయి యూరప్ మొత్తానికి ఒకే పరిమితి వచ్చింది. కరెంటు ప్లాంట్లు చాలావరకు వేలంలో కొనుక్కోవాల్సి వచ్చింది.

మన దేశంలోనూ 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటించింది. వరిలో నీళ్లు ఆరబెట్టి పెడితే క్రెడిట్లు వస్తాయని ఎవరైనా సంతకం అడిగితే, రేటు సంగతి తర్వాత. ముందు రెండు ప్రశ్నలు వేయండి. పాత లెక్క ఏ ఏడాదిది? అది రాసేదెవరు, తప్పుంటే ఎవరికి చెప్పుకోవాలి? దేశాలే ఐదేళ్లు కొట్లాడింది ఈ రెండింటి మీదే. మనం సంతకానికి ముందే అడిగితే పోలా?