ఇంజనీరు మంత్రియైన వేళ: కానూరి లక్ష్మణరావు

స్వతంత్ర భారతదేశపు తొలితరం మంత్రులలో పలువురు న్యాయవాద వృత్తి నుండి, జాతీయోద్యమం నుండి వచ్చినవారు. ఆనకట్టల పునాదుల చెంత, నకాశాల నడుమ ప్రౌఢవయస్సు గడిపి, ఆ పిదప మంత్రిపదవి చేపట్టినవారు అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు డాక్టర్ కానూరి లక్ష్మణరావు. ఆయన అభ్యసించినది కట్టడాల శాస్త్రం. వహించిన మంత్రిత్వశాఖ నీటిపారుదల, విద్యుచ్ఛక్తి. నీరు, విద్యుత్తు ఒకదానికొకటి ఎంత ఋణపడినవో ఆయన చరిత్ర చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు.

కృష్ణాజిల్లా కంకిపాడులో 1902లో ఆయన జన్మించారు. బాల్యంలోనే ఒక కన్ను పోయినా విద్య కుంటువడలేదు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, రంగూనులో ఆచార్యత్వం నెరపి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. 1954 నాటికి కేంద్ర జల విద్యుత్సంఘంలో చీఫ్ ఇంజనీరు అయినారు. నాగార్జునసాగర రూపకల్పనలో ఆయన పాత్ర ప్రసిద్ధం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతితో కట్టారు. సిమెంటు, యంత్రాలు కొరతగా ఉండి, పనిచేసే చేతులు సమృద్ధిగా ఉన్న దేశానికి అది తగిన నిర్ణయం.

1962లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికై, 1963లో మంత్రియై, దాదాపు పదేండ్లు ఆ శాఖ నిర్వహించారు. ఇంజనీరు అంకెకు జవాబుదారి. మంత్రి అంకెతోపాటు రాష్ట్రాలకు, వాటి అనుమానాలకు కూడ జవాబు చెప్పవలెను. 1964లో ప్రాంతీయ విద్యుత్ మండలులు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినవి. ఆ 1969లోనే కృష్ణా జలవివాదం ట్రిబ్యునలుకు చేరింది. తీగలను కలిపినంత సులువుగా నదులను కలపలేమని ఆ సంవత్సరమే సూచించింది.

అయినను 1972లో ఆయన గంగా కావేరీ సంధానాన్ని ప్రతిపాదించారు. పాట్నా వద్ద 60,000 క్యూసెక్కుల వరదనీటిని ఏటా సుమారు 150 దినాలు తీసి, అందులో 50,000 క్యూసెక్కులను 549 మీటర్లు ఎత్తి, 2,640 కిలోమీటర్ల కాలువ మార్గాన దక్షిణాపథానికి తేవలెనన్నది సంకల్పం. లెక్కవేసి చూడండి: యంత్రనష్టాలు కలపకయే దీనికి 7,600 మెగావాట్ల శక్తి కావలెను. దేశమంతటి స్థాపిత సామర్థ్యం ఆనాడు 17,000 మెగావాట్లకు లోపే. ఉన్న విద్యుత్తులో సగానికి సమీపం ఒక్క కాలువ త్రాగివేయును! వ్యయం, శక్తి రెండును మితిమీరినవని పథకం ప్రక్కకు పోయింది. దక్షిణ నదుల సంధానాన్ని పరిశీలించుటకు 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ వెలసింది.

1986లో ఆయన కన్నుమూశారు. పులిచింతల జలాశయం నేడు ఆయన పేర వెలయుచున్నది. 2013 డిసెంబరు 31న దక్షిణాది విద్యుజ్జాలం దేశపు జాలంతో ఏకమైనది; ఉత్తరాది విద్యుత్తు మనకు చేరినది, గంగాజలం చేరలేదు. ఆ మహాజాలం సైతం సముద్రం దాటలేదు. అండమాను దీవులలోని ప్రోతరాపూరు వంటి ఊళ్ళ దీపాలకు ద్వీపంలోనే ఉత్పత్తియైన విద్యుత్తే ఆధారం. ప్రతి నేలకు దాని లెక్క వేరు. నాగార్జునసాగరం వద్ద రాతిని ఎన్నుకొన్న ఇంజనీరుకు ఈ సత్యం తెలియనిది కాదు. యావద్దేశాన్ని ఒక్క నకాశాగా చూడవలసివచ్చిన మంత్రికి అది కొంత మరుగుపడినది. ఆ రెంటి నడుమ పెనుగులాటయే ఆయన జీవితానికి గౌరవం.