రష్యాలో ‘రోదినా’ పార్టీ: ఆవిర్భావ, పతనాల పరిశీలన (2003–2006)

వ్యాససంగ్రహం:

2003లో ఎన్నికల కూటమిగా ఏర్పడిన ‘రోదినా’ నాలుగు నెలలలోపే రష్యా పార్లమెంటు దిగువసభ అయిన డూమాలో ప్రవేశించింది. మూడేళ్లు గడిచేసరికి మరొక పార్టీలో విలీనమై స్వతంత్ర ఉనికిని కోల్పోయింది. ఈ పార్టీని కేవలం క్రెమ్లిన్ సృష్టిగా చూడటం గాని, కేవలం క్రెమ్లిన్ చేతిలో బలైనదిగా చూడటం గాని అసమగ్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రజల అసంతృప్తి, అధికారవర్గాల అవసరం, ఎన్నికల చట్టాలలోని మార్పులు అనే మూడు అంశాల కలయికలో దాని ఉత్థానపతనాలను వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: రష్యా, రోదినా, జాతీయవాదం, డూమా, రోగోజిన్, గ్లాజ్యెవ్, ఎన్నికల చట్టాలు.

1. ఉపోద్ఘాతం:

రష్యన్ భాషలో ‘రోదినా’ అంటే మాతృభూమి. ఆ పదానికి మూలమైన ‘రోద్’ శబ్దానికి వంశం, పుట్టుక అనే అర్థాలున్నాయి. కాబట్టి తెలుగులో ‘జన్మభూమి’ దానికి మరింత దగ్గరి పదం. ఈ పేరులోనే పార్టీ ఎదుర్కొన్న ప్రధాన సమస్య ఇమిడివుంది. రష్యన్ భాషలో ‘రూస్కీ’ అనే పదం రష్యన్ జాతిని, ‘రోసీస్కీ’ అనే పదం రష్యా రాజ్యాన్ని, పౌరసత్వాన్ని సూచిస్తాయి. తాతార్లు, చెచెన్లు, బష్కీర్లు వంటి అనేక జాతులు నివసించే సమాఖ్యలో మాతృభూమి ఎవరిది అన్న ప్రశ్నకు ఈ రెండు పదాలు రెండు వేర్వేరు సమాధానాలు చెబుతాయి. రోదినా ఈ రెండింటి మధ్య ఊగిసలాడింది. ఆ ఊగిసలాటే మొదట దానికి ఓట్లను, తరువాత చిక్కులను తెచ్చిపెట్టింది.

2. పూర్వరంగం:

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనప్పుడు సుమారు రెండున్నర కోట్లమంది రష్యన్ జాతీయులు కొత్తగా ఏర్పడిన ఇతర దేశాలలో ఉండిపోయారు. వీరి హక్కుల పరిరక్షణ లక్ష్యంగా ద్మిత్రీ రోగోజిన్ 1993లో ‘రష్యన్ సమాజాల కాంగ్రెస్’ను స్థాపించాడు. 1995 డూమా ఎన్నికలలో యూరీ స్కోకొవ్, జనరల్ అలెగ్జాండర్ లేబెద్, ఆర్థికవేత్త సెర్గేయ్ గ్లాజ్యెవ్ ఆ సంస్థ జాబితాకు నాయకత్వం వహించారు. ఆ జాబితా 4.31 శాతం ఓట్లు సాధించి, అవసరమైన 5 శాతాన్ని అందుకోలేకపోయింది. అయితే ఆరునెలల తరువాత జరిగిన అధ్యక్ష ఎన్నికలలో లేబెద్ ఒక్కడే 14 శాతానికి పైగా ఓట్లు సాధించాడు. జాతీయగౌరవం, బలమైన రాజ్యం, సామాజికన్యాయం అనే భావాలకు ఆదరణ ఉన్నా, వాటికి స్థిరమైన పార్టీరూపం ఏర్పడలేదని ఈ రెండు ఫలితాలు తెలియజేస్తున్నాయి. రోదినాకు క్షేత్రం ఈ విధంగా ఎనిమిదేళ్ల ముందే సిద్ధమైంది.

3. కూటమి ఆవిర్భావం – 2003 ఎన్నికలు:

స్కోకొవ్ నాయకత్వంలోని ‘రష్యా ప్రాంతాల పార్టీ’, సెర్గేయ్ బాబూరిన్ నాయకత్వంలోని ‘నరోద్నయా వోల్యా’ (ప్రజల సంకల్పం), మరొక సోషలిస్టు పార్టీ కలిసి 2003 సెప్టెంబరులో ఈ కూటమిని ఏర్పరచాయి. గ్లాజ్యెవ్, రోగోజిన్ దీనికి ప్రధాన నాయకులు. వీరిద్దరి నేపథ్యాలు భిన్నమైనవి. గ్లాజ్యెవ్ యెల్త్సిన్ ప్రభుత్వంలో విదేశీ ఆర్థిక సంబంధాల మంత్రిగా పనిచేసి, 1993లో పార్లమెంటు రద్దును నిరసిస్తూ పదవిని విడిచాడు. 1999లో కమ్యూనిస్టుల జాబితాపై డూమాకు ఎన్నికయ్యాడు. రోగోజిన్ డూమా విదేశీవ్యవహారాల సంఘానికి అధ్యక్షుడు. అతడు కాలినిన్‌గ్రాద్ సమస్యపై అధ్యక్షుడు పుతిన్‌కు ప్రత్యేక ప్రతినిధిగా కూడా వ్యవహరించాడు.

ఎన్నికల ప్రచారంలో కూటమి ప్రధానంగా ఆర్థికాంశాన్నే ముందుంచింది. చమురు, సహజవాయువు వంటి ప్రకృతివనరులపై లభించే అదనపు ఆదాయం ప్రజలకు చెందాలన్నది గ్లాజ్యెవ్ వాదం. 1990లలో ప్రైవేటీకరణ ద్వారా అపారసంపదను కూడబెట్టిన ఒలిగార్కులపై ప్రజలలో ఉన్న ఆగ్రహానికి ఈ వాదం సైద్ధాంతికరూపం ఇచ్చింది. 2003 అక్టోబరులో చమురు వ్యాపారి మిహయీల్ ఖొదొర్కోవ్‌స్కీ అరెస్టు కావడంతో ఈ నినాదానికి సందర్భశుద్ధి కూడా ఏర్పడింది.

2003 డిసెంబరు 7న జరిగిన ఎన్నికలలో రోదినాకు 9.02 శాతం ఓట్లు, 37 స్థానాలు లభించాయి. 1999లో 24.29 శాతం ఓట్లు పొందిన కమ్యూనిస్టు పార్టీ ఈసారి 12.61 శాతానికి పడిపోయింది. కమ్యూనిస్టుల ఓట్లను చీల్చడానికే క్రెమ్లిన్ ఈ కూటమిని ప్రోత్సహించిందని అనేక పరిశీలకుల అభిప్రాయం. ఈ అభిప్రాయానికి ఆధారం లేకపోలేదు. అయితే ప్రోత్సాహం లభించిన ప్రతి కూటమికీ ఓట్లు రాలవు. ఐదులక్షలు కాదు, యాభైలక్షలకు పైగా ఓటర్లు రోదినాను ఎంచుకున్నారు. అధికారం ఇచ్చింది అవకాశాన్ని మాత్రమే. ఓట్లకు మూలం పదేళ్లుగా పేరుకొన్న అసంతృప్తి.

4. అంతఃకలహాలు, ప్రతిపక్షవైఖరి:

విజయం వెంటనే విభేదాలకు దారితీసింది. 2004 మార్చి అధ్యక్ష ఎన్నికలలో గ్లాజ్యెవ్ స్వతంత్ర అభ్యర్థిగా నిలిచాడు. రోగోజిన్ పుతిన్‌ను సమర్థించాడు. గ్లాజ్యెవ్‌కు 4.1 శాతం ఓట్లు వచ్చాయి. ఆ నెలలోనే అతడు డూమాలో పార్టీ పక్షనాయకత్వాన్ని కోల్పోయాడు. అదే ఏడాది ‘రష్యా ప్రాంతాల పార్టీ’ తన పేరును రోదినాగా మార్చుకోగా, రోగోజిన్ దానికి అధ్యక్షుడయ్యాడు. ఈ మార్పుతో పార్టీలో ఆర్థికవాదం వెనుకకు జరిగి, జాతివాదం ముందుకు వచ్చింది.

అయితే క్రెమ్లిన్‌కు అనుకూలుడిగా భావించబడిన రోగోజిన్ ఏడాది తిరగకుండానే ప్రభుత్వాన్ని ఎదిరించాడు. పింఛనుదారులకు, వికలాంగులకు అందుతున్న ఉచిత రవాణా, మందుల వంటి సదుపాయాల స్థానంలో నగదు చెల్లించే చట్టం 2005 జనవరి 1న అమలులోకి వచ్చింది. దేశమంతటా వృద్ధులు వీధులలోకి వచ్చి నిరసన తెలిపారు. రోగోజిన్ సహా ఐదుగురు రోదినా సభ్యులు డూమా భవనంలోనే నిరాహారదీక్షకు దిగారు. అదే నెలలో యూదుసంస్థలను నిషేధించాలని ప్రాసిక్యూటర్ జనరల్‌ను కోరుతూ వెలువడిన లేఖపై కమ్యూనిస్టు సభ్యులతోపాటు కొందరు రోదినా సభ్యులూ సంతకాలు చేశారు. పేదల పక్షాన నిలిచిన నోటితోనే ఒక జాతిపై ద్వేషాన్ని పలకడం ఈ పార్టీ స్వభావంలోని వైరుధ్యాన్ని స్పష్టం చేస్తుంది. 2005 వేసవిలో బాబూరిన్ వర్గం విడిపోయి, డూమాలో అదే పేరుతో రెండవ పక్షాన్ని ఏర్పరచింది.

5. మాస్కో నగరసభ ఎన్నికలు:

2005 డిసెంబరు 4న జరగవలసిన మాస్కో నగరసభ ఎన్నికలు పార్టీ చరిత్రలో మలుపు. రోదినా రెండవస్థానంలో నిలిచే అవకాశముందని అప్పటి అంచనాలు సూచించాయి. ప్రచారంలో భాగంగా పార్టీ ఒక టెలివిజన్ చిత్రాన్ని ప్రసారం చేసింది. కాకసస్ ప్రాంతీయులుగా కనిపించే కొందరు పుచ్చకాయ తింటూ తొక్కలను దారిలో పడవేస్తారు. బిడ్డ బండిని తోసుకుంటూ ఒక రష్యన్ మహిళ అటుగా వెళుతుంది. రోగోజిన్, అతని సహచరుడు వచ్చి వారిని మందలిస్తారు. నగరాన్ని చెత్త నుండి శుభ్రపరుద్దామన్న పిలుపుతో చిత్రం ముగుస్తుంది. ఇక్కడ ‘చెత్త’ అన్నది తొక్కలనా, మనుషులనా అన్న సందిగ్ధత యాదృచ్ఛికం కాదు. ఆ సందిగ్ధతే ఆ చిత్రపు సందేశం.

జాతివిద్వేషాన్ని రెచ్చగొడుతున్నదన్న ఫిర్యాదుపై మాస్కో నగర న్యాయస్థానం 2005 నవంబరు 26న రోదినా జాబితాను పోటీ నుండి తొలగించింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఫిర్యాదు చేసినది వ్లదీమిర్ జిరినోవ్‌స్కీ నాయకత్వంలోని లిబరల్ డెమోక్రటిక్ పార్టీ కావడం గమనార్హం. పేరు ఏదైనా, దశాబ్దకాలంగా తీవ్ర జాతీయవాద ప్రసంగాలకు పేరుపొందిన పార్టీ అది.

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. ఆ చిత్రం విద్వేషపూరితమన్న నిర్ణయం సమంజసమైనదే. కాని ఒకే చట్టం ఒకరికి వర్తించి మరొకరికి వర్తించకపోతే, ఆ చట్టం విద్వేషాన్ని నిరోధించే సాధనంగా కాక పోటీదారుని నిరోధించే సాధనంగా మారుతుంది. తీర్పు న్యాయమైనది కావడం, దాని వినియోగం పక్షపాతంతో కూడినది కావడం పరస్పర విరుద్ధాలు కావు.

6. విలీనం – అనంతర పరిణామాలు:

2006 మార్చి ప్రాంతీయ ఎన్నికలలో చాలాచోట్ల రోదినా పోటీలో నిలవలేకపోయింది. పోటీ చేయగలిగిన ఆల్తాయ్ గణతంత్రంలో మాత్రం 10 శాతానికి పైగా ఓట్లు సాధించింది. అంటే ఓటర్లు పార్టీని తిరస్కరించకముందే పోటీద్వారాలు మూసుకుపోయాయి. అదే నెలలో రోగోజిన్ అధ్యక్షపదవి నుండి తప్పుకోగా, వ్యాపారవేత్త అలెగ్జాండర్ బబాకొవ్ ఆ స్థానంలోకి వచ్చాడు. 2006 అక్టోబరు 28న రోదినా, సెర్గేయ్ మిరోనొవ్ నాయకత్వంలోని ‘జీవన పార్టీ’, పింఛనుదారుల పార్టీ కలిసి ‘న్యాయమైన రష్యా’గా ఏర్పడ్డాయి.

ఈ విలీనానికి చట్టపరమైన నేపథ్యం కూడా ఉంది. పార్టీ నమోదుకు కావలసిన కనీస సభ్యుల సంఖ్య 10,000 నుండి 50,000కు పెరిగింది. డూమా ప్రవేశానికి 5 శాతం బదులు 7 శాతం ఓట్లు అవసరమయ్యాయి. ఎన్నికల కూటములు నిషేధించబడ్డాయి. రోదినాకు జన్మనిచ్చిన కూటమి అనే రూపమే చట్టం నుండి తొలగిపోయింది.

2007లో రోగోజిన్ వర్గీయులు స్థాపించిన ‘మహా రష్యా’ పార్టీకి నమోదు లభించలేదు. కాని మరుసటి ఏడాది జనవరిలో రోగోజిన్ నాటో కూటమి వద్ద రష్యా రాయబారిగా నియమితుడయ్యాడు. 2011లో ఉపప్రధాని పదవి పొందాడు. గ్లాజ్యెవ్ 2012లో అధ్యక్షుని సలహాదారు అయ్యాడు. అదే ఏడాది నమోదు నిబంధనలు సడలడంతో అలెక్సేయ్ జురవ్ల్యోవ్ నాయకత్వంలో రోదినా పునరుద్ధరించబడింది. అయితే 2016 డూమా ఎన్నికలలో దానికి లభించినవి 1.51 శాతం ఓట్లు, ఒకే ఒక స్థానం.

7. ముగింపు:

• రోదినా ఎదుగుదలకు అధికారవర్గాల ప్రోత్సాహం తోడ్పడినా, దాని ఓట్లకు మూలం 1990ల ఆర్థిక, సామాజిక అసంతృప్తి.

• సామాజికన్యాయవాదం నుండి జాతివిద్వేషం వైపు జరిగిన మార్పు పార్టీని నైతికంగా బలహీనపరచి, ప్రత్యర్థులకు చట్టపరమైన ఆయుధాన్ని అందించింది.

• అధికారానికి సహాయకారిగా ఉన్నంతకాలం సహించబడిన పార్టీ, స్వతంత్రశక్తిగా మారగానే పోటీ నుండి తొలగించబడింది.

• పార్టీ క్షీణించినా దాని భావజాలం అంతరించలేదు. నాయకులు ప్రభుత్వంలో చేరారు. విదేశాలలోని రష్యన్ల రక్షణ అనే వాదం 2014 నాటి క్రిమియా ఆక్రమణ సందర్భంలో ప్రభుత్వ అధికారిక వాదంగానే వినిపించింది. చిన్నపార్టీల చరిత్రను వాటి ఓట్లశాతంతో మాత్రమే కొలవడం సరికాదని రోదినా ఉదంతం నిరూపిస్తున్నది. పార్టీ ఓడిపోయినంత మాత్రాన దాని భావాలు ఓడిపోయినట్లు కాదు.